ఎండపూట మిట్టల పరుగు: ముందు మంట తగ్గించండి

వేసవి సెలవుల్లో పెట్టే పరుగుపందెం ఏదైనా సరే, స్టార్ట్ లైన్ దగ్గర మైకులో వినబడే మాట ఒకటే. "ఇవాళ ఎండ గట్టిగా ఉంది, నీళ్లు బాగా తాగండి." చెప్పేవాళ్లు నిజమైన శ్రద్ధతోనే చెబుతారు. వినేవాళ్లు తల ఊపి, చేతిలో సీసా ఉంటే గటగటా ఖాళీ చేస్తారు. హారన్ మోగగానే అదే జనం, చలికాలం పొద్దుటి పూట పరిగెత్తే వేగం కన్నా ఎక్కువ వేగంతో మొదటి కిలోమీటరు దూసుకుపోతారు. "మెల్లగా వెళ్లండి" అన్న మాట మాత్రం మైకులో వినపడదు.

నీళ్లు తాగొద్దని నేననను. కానీ ఆ ఒక్క సలహా మిగతా వాటన్నిటినీ మింగేసి కూర్చుంది. పొయ్యి మీద పాలు పొంగుతుంటే చారెడు నీళ్లు చల్లితే పొంగు కాసేపు అణుగుతుంది. మంట అలాగే ఉంటే మళ్లీ లేస్తుంది. సగం తారురోడ్డు, సగం మట్టిదారి, మధ్యలో మిట్టలు, పైన ఎండ ఉన్న పరుగులో ఆ మంట మన వేగమే. అందులోనూ మిట్ట ఎక్కేటప్పటి వేగం. వడదెబ్బ నుంచి కాపాడుకోవాలన్నా, ఆఖరి కిలోమీటర్లలో ఈడ్చుకుంటూ నడవకుండా ఉండాలన్నా ముందు పట్టాల్సింది దాన్నే. నీళ్లు దాని తర్వాత.

కొలిమి లోపలే ఉంది

లెక్క చాలా తేలిక. పరుగు ఖర్చు సుమారుగా కిలో బరువుకి, కిలోమీటరుకి ఒక కిలోకేలరీ. 70 కిలోల మనిషి గంటకు 10 కిలోమీటర్ల వేగంతో వెళ్తే గంటకు 700 కిలోకేలరీలు. ఇందులో నాలుగింట మూడు వంతులకు పైగా కండరాల్లో వేడిగానే మారుతుంది. అంటే నిమిషానికి దాదాపు 9 కిలోకేలరీల వేడి. అదే మనిషి ఒంటి ఉష్ణోగ్రత ఒక డిగ్రీ పెరగడానికి కావలసింది 58 కిలోకేలరీలు మాత్రమే. బయటికి ఏమీ పోకపోతే ఆరున్నర నిమిషాలకో డిగ్రీ చొప్పున ఒళ్లు కాలిపోవాలి. అలా జరగడం లేదంటే చెమట ఆ పని చేస్తోందన్నమాట.

లీటరు చెమట పూర్తిగా ఆవిరైతే సుమారు 580 కిలోకేలరీల వేడిని తీసుకుపోతుంది. పై మనిషికి అది గంట వేడికి సరిపోతుంది. ఇక్కడ కీలకమైన మాట "ఆవిరైతే" అన్నది. గడ్డం మీంచి కారి నేలమీద పడిన చెమట ఏమీ చల్లబరచదు, ఒంట్లో నీళ్లు తగ్గించడం తప్ప. గాలిలో తేమ ఎక్కువగా ఉన్నా, గాలి ఆడకపోయినా చెమట కారిపోతుందే గాని ఆరదు. అప్పుడు ఎన్ని నీళ్లు తాగినా ఆ నీళ్లు చెమటగా మారి కారిపోవడమే. కొలిమి మాత్రం మండుతూనే ఉంటుంది.

నీళ్లు తాగడం చెమటకి సరుకు అందించడం. సరుకు లేకపోతే ఇబ్బందే. కానీ చాలా పరుగుల్లో అడ్డుపడేది సరుకు కొరత కాదు. చెమట ఆరలేని స్థితి అడ్డుపడుతుంది, లేదా ఆరగలిగిన దానికన్నా ఎక్కువ వేడి పుట్టించడం అడ్డుపడుతుంది.

ఏడు మైళ్ల పరుగు చెప్పే సంగతి

ఇది కాగితం మీది లెక్క మాత్రమే కాదు. అమెరికాలో మసాచుసెట్స్ తీరంలో ఫాల్మత్ రోడ్ రేస్ అని ఆగస్టు నెలలో జరుగుతుంది. 1973 నుంచి నడుస్తోంది. దూరం ఏడు మైళ్లు, అంటే 11 కిలోమీటర్ల పైచిలుకు. అక్కడి వైద్య బృందం దగ్గరున్న 18 ఏళ్ల రికార్డులను పరిశోధకులు 2015లో ప్రచురించారు. పరుగు వల్ల వచ్చిన తీవ్రమైన వడదెబ్బ కేసులు 274. అందరినీ మంచునీళ్ల తొట్టెలో ముంచారు, అందరూ బతికారు. ఆ వైద్యం సంగతికి తర్వాత వస్తాను. ఇక్కడ చూడాల్సింది దూరం. ఏడు మైళ్లంటే చాలామందికి ఒక గంట, గంటంపావు పని. ఆ కాస్త సమయంలో ఒంట్లో నీళ్లు ప్రమాదకరంగా ఇంకిపోవడం కష్టం. 41 డిగ్రీల దాకా ఒళ్లు కాలడానికి మాత్రం ఆ సమయం చాలు. దూరం తక్కువ కాబట్టి గట్టిగా పరిగెత్తుతారు, గట్టిగా పరిగెత్తుతారు కాబట్టి వేడి పోగుపడుతుంది. పొట్టి పరుగు సురక్షితం అనుకునేవాళ్లు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి.

రెండో సాక్ష్యం నీళ్ల వైపు నుంచే ఉంది. 2002 బోస్టన్ మారథాన్ పూర్తిచేసిన 488 మంది రక్తం పరీక్షించి, ఆ ఫలితాలను 2005లో ప్రచురించారు. వాళ్లలో 13 శాతం మందికి రక్తంలో సోడియం ఉండాల్సినదానికన్నా తక్కువగా ఉంది. ముగ్గురికి ప్రాణం మీదికి వచ్చే స్థాయికి పడిపోయింది. దీనితో గట్టిగా ముడిపడి కనబడింది పరుగులో బరువు పెరగడం. అంటే చెమటగా పోయినదానికన్నా ఎక్కువ తాగారు. నాలుగు గంటలు దాటి పరిగెత్తినవాళ్లలో ఇది ఎక్కువ. వాళ్లకి ప్రతి నీళ్ల బల్ల దగ్గరా ఆగి తాగే తీరిక ఉంటుంది. మైకులో విన్న సలహాని తు.చ. తప్పకుండా పాటించేదీ వాళ్లే.

మరి ఇంతకాలం "తాగండి" అని ఎందుకు చెప్పారు? దానికీ ఒక చరిత్ర ఉంది, అది తప్పని నేననను. పరుగు మధ్యలో నీళ్లు తాగడం బలహీనత అనుకున్న రోజులుండేవి. ఆ మూఢనమ్మకాన్ని విరగ్గొట్టడానికి వచ్చిన సలహా ఇది. విరగ్గొట్టాక ఆగలేదు, అంతే.

మిట్ట దగ్గర అసలు కథ

చదును నేలమీద ఎండ పరుగు ఒక ఎత్తయితే మిట్టల పరుగు ఇంకో ఎత్తు. ఏటవాలుకీ ఖర్చుకీ ఉన్న సంబంధాన్ని శరీరధర్మ పరిశోధకుడు అల్బెర్తో మినెట్టి బృందం 2002లో కొలిచి ఇచ్చింది. వాళ్ల సూత్రం ప్రకారం 10 శాతం ఎత్తు దారిలో, అంటే వంద మీటర్లకి పది మీటర్లు పైకి లేచే దారిలో, కిలోమీటరు పరుగు ఖర్చు చదును మీది ఖర్చుకి సుమారు 1.65 రెట్లు. 20 శాతం దారిలో రెండున్నర రెట్లు. చదును మీద కిలోమీటరుకి 6 నిమిషాలు హాయిగా వెళ్లే మనిషి 10 శాతం మిట్ట మీద అంతే శ్రమతో వెళ్లాలంటే కిలోమీటరుకి 10 నిమిషాలు పట్టాలి. పది! చాలామంది ఏడున్నరకి తగ్గి, "బాగా తగ్గించాను" అనుకుంటారు.

లెక్క తెలిసినవాళ్లు ఇక్కడ ఒక మాట అడ్డం వేస్తారు. పైకి ఎక్కేటప్పుడు ఖర్చయిన శక్తిలో కొంత ఎత్తు సంపాదించడానికే పోతుంది కదా, అదంతా వేడి కాదు కదా అని. నిజమే, 10 శాతం ఏటవాలులో దాదాపు ఆరో వంతు అలా పోతుంది. కానీ ఇంకోవైపు నష్టం ఉంది. గంటకు 10 కిలోమీటర్ల వేగంతో పరిగెత్తితే, గాలి ఆడని రోజున కూడా, సెకనుకి 2.8 మీటర్ల గాలి మన ఒంటికి తగులుతుంది. మిట్ట మీద వేగం సగమైతే ఆ గాలీ సగమే. వెనకనుంచి మెల్లగా గాలి వీస్తోందంటే, వేగమూ గాలీ సమానమై ఒంటికి ఏమీ తగలదు. వేడి పుట్టడం పెరిగే చోటే చెమట ఆరడం తగ్గిపోతుంది. ఎండకి తెరిచి ఉన్న గుట్ట చరియ మీద, చుట్టూ రాళ్లు కాగి ఉన్నచోట ఇది ఇంకా ఘోరం.

అందుకే నా అభిప్రాయం మొండిగానే చెబుతాను. ఎండ రోజున 10 శాతం దాటిన ఎత్తు కనబడగానే మామూలు రన్నర్ నడవాలి. అలసిపోయాక కాదు, అలసట రాకముందే, మొదటి మిట్ట నుంచే. బాగా నిటారైన చోట, అంటే సుమారు 15, 16 డిగ్రీల (శాతంలో చెబితే దాదాపు 28) వాలు దాటాక, ఒకే వేగంతో వెళ్లేటప్పుడు పరుగు కన్నా నడకకే తక్కువ శక్తి పడుతుందని ప్రయోగశాలలో కొలిచి చూశారు. అక్కడ పరిగెత్తేవాడు ఎక్కువ ఖర్చు పెట్టి నడిచేవాడి పక్కనే ఉంటాడు. దానికన్నా తక్కువ వాలులో పరిగెత్తేవాడు కొంచెం ముందుకెళ్తాడు. ఆ కొంచెం కోసం ఎంత వేడి కొన్నాడన్నదే ప్రశ్న.

నడకంటే చేతులు ఊపుకుంటూ షికారు నడక కాదు. అడుగు పొట్టిగా, వరస తప్పకుండా, నడుం దగ్గర కాకుండా చీలమండల దగ్గర నుంచి ఒళ్లంతా కాస్త ముందుకి వంచి నడవాలి. దారి మరీ నిటారైతే అరచేతులు తొడల మీద, మోకాలికి కొంచెం పైన, ఆనించి ప్రతి అడుగుకీ నొక్కాలి. గుట్ట పైన దారి చదునవగానే పరుగందుకోకండి. 20, 30 అడుగులు నడిచి, ఊపిరి దిగాక అందుకోండి. శిఖరం మీద పరుగందుకోవాలన్న ఉబలాటం చాలామందిని అక్కడే ముంచుతుంది.

వాచ్‌లో కనబడే పేస్‌కి, అంటే కిలోమీటరుకి పట్టే నిమిషాలకి, ఇలాంటి దారిలో అర్థం లేదు. హార్ట్ రేట్ కొంత నయం, కానీ ఎండలో అది కూడా నిలకడగా ఉండక పెరుగుతూ పోతుంది. రక్తం చర్మం వైపు మళ్లుతుంది, చెమట వల్ల రక్తంలో ద్రవం తగ్గుతుంది, అదే వేగానికి గుండె అరగంట తర్వాత ఎక్కువసార్లు కొట్టుకుంటుంది. ఇది చూసి కొందరు "వాచ్ తప్పు చూపిస్తోంది" అని కొట్టిపారేస్తారు. తప్పేం లేదు, అదే శరీరం నిజంగా పడుతున్న కష్టం. నాకు నమ్మకమైన కొలత మాట. రోడ్డు మీద మొదటి సగంలో ఒక పూర్తి వాక్యం ఊపిరి తీయకుండా చెప్పగలగాలి. మిట్ట మీద నాలుగు మాటలైనా కలిపి చెప్పగలగాలి. రెండు మాటలకే ఊపిరి అందకపోతే నడకలోకి దిగాలి.

మట్టిదారి మొదట్లో వచ్చే చిక్కు

నా వాదనకి గట్టి దెబ్బ తగిలేది ఇక్కడే. రోడ్డూ ట్రయల్ (మట్టిదారి) కలిసిన రేసుల్లో సాధారణంగా మొదట వెడల్పాటి రోడ్డు, రెండు మూడు కిలోమీటర్ల తర్వాత ఒక్కరు మాత్రమే పట్టే కాలిబాట ఉంటాయి. ఆ బాట మొదట్లో జనం ఇరుక్కుంటారు. మెల్లగా వచ్చినవాడు క్యూలో నిలబడాలి. ఆ తర్వాత కూడా ముందున్నవాడి వేగమే తన వేగం, దాటి వెళ్లడానికి చోటుండదు. "అందుకే మొదటి రెండు కిలోమీటర్లు లాగించాలి" అంటారు అనుభవజ్ఞులు. చలి రోజున నేను కూడా కాదనను.

ఎండ రోజున మాత్రం లెక్క మారుతుంది. రెండు కిలోమీటర్లు కిలోమీటరుకి 30 సెకన్ల చొప్పున లాగితే దక్కేది ఒక నిమిషం. ఆ పది నిమిషాల్లో ఒంటి ఉష్ణోగ్రత ఒక డిగ్రీకి దగ్గరగా పెరిగిపోవచ్చు, ఎందుకంటే చెమట పూర్తిగా అందుకోవడానికి కొన్ని నిమిషాలు పడుతుంది. ఆ పెరిగిన వేడితో, చల్లబడే వీలు లేకుండా, నేరుగా చెట్ల మధ్య గాలాడని మిట్టలోకి అడుగుపెడతారు. క్యూలో నిమిషంన్నర నిలబడ్డవాడు తిట్టుకుంటాడు గాని ఆ నిమిషంన్నరలో అతని కొలిమి చల్లారుతుంది. ఆ నిలబడటం అతనికి లాభమే అన్నా నేను ఒప్పుకుంటాను.

కానీ అందరికీ ఒకే మాట చెప్పలేను. ముందు వరసలో పోటీపడేవాళ్లకి చోటు ముఖ్యం. వాళ్లు ఆ మూల్యం తెలిసే చెల్లిస్తారు. మధ్యలో ఉన్నవాళ్లకి నేను చెప్పేది ఇది: స్టార్ట్ లైన్ దగ్గరే మీకు తగ్గ వరసలో నిలబడండి, వంద మంది వెనక నిలబడి వంద మందిని దాటాలని చూడకండి. నిర్వాహకులకి చెప్పేది, మట్టిదారికి ముందు రోడ్డు ముక్కని ఇంకో కిలోమీటరు పెంచండి, లేదా జనాన్ని రెండు మూడు గుంపులుగా ఐదేసి నిమిషాల తేడాతో వదలండి. దారి ఒక్కటి సరిచేస్తే వందల మంది తొందర తగ్గుతుంది.

నీడ, వేళ్లు, దిగుడు

మట్టిదారిలో నీడ ఉంటుంది కాబట్టి అది రోడ్డుకన్నా సుఖమని అందరూ అనుకుంటారు. ఎండ తగ్గుతుంది, గాలి కూడా తగ్గుతుంది, తేమ పెరుగుతుంది. నీడలోకి వచ్చాం కదా అని వేగం పెంచితే ఉక్కపోతలో ఉడికినట్టవుతుంది. ఇంకో చిక్కు కంటిది. కళ్లు మిరుమిట్లు గొలిపే ఎండలోంచి చెట్ల నీడలోకి పరిగెత్తుకొస్తే కొన్ని సెకన్లు నేల సరిగ్గా కనబడదు. చెట్ల వేళ్లూ రాళ్లూ సరిగ్గా అక్కడే ఉంటాయి. చలవ అద్దాలు పెట్టుకున్నవాళ్లు నీడకి పది అడుగుల ముందే వాటిని నెత్తిమీదికి ఎత్తాలి, నీడలో మొదటి పది పదిహేను అడుగులు పాదాలు కాస్త ఎత్తి వేయాలి.

బూట్ల గురించి పెద్ద చర్చ అక్కర్లేదు. సగం రోడ్డు ఉన్నప్పుడు లోతైన ముళ్లున్న ట్రయల్ బూట్లు కాగిన తారు మీద అరికాళ్లని మండిస్తాయి. మూడు నాలుగు మిల్లీమీటర్ల ముళ్లున్నవి రెండింటికీ సరిపోతాయి. ఎండలో పాదాలు ఉబ్బుతాయి కాబట్టి బొటనవేలి ముందు వేలెడు వెడల్పు ఖాళీ ఉండాలి, లేకపోతే దిగేటప్పుడు గోళ్లు నల్లబడతాయి.

దిగుడు గురించి మాత్రం నిలబడి మాట్లాడుకోవాలి. 10 శాతం దిగుడులో ఖర్చు చదును కన్నా దాదాపు 40 శాతం తక్కువ. వేగం వల్ల గాలీ ఎక్కువ. వేడి తక్కువగా పుట్టి ఎక్కువగా పోయే చోటు ఇదొక్కటే. మిట్ట మీద నడిచి దాచుకున్నది ఖర్చు పెట్టాల్సింది ఇక్కడే. అయితే దిగుడు బాకీ తొడల్లో వసూలవుతుంది. దిగేటప్పుడు తొడ ముందు కండరాలు సాగుతూ బరువు మోస్తాయి, ఆ పోగుల్లో సన్నటి చిరుగులు పడతాయి. ఆఖరి రోడ్డు ముక్కలో కాళ్లు చెక్కల్లా అయిపోతే దానికి కారణం ఎక్కువసార్లు మొదటి దిగుడులో వేసిన అంగలు. అడుగు పొట్టిగా, నిమిషానికి 180 అడుగుల దగ్గరగా, పాదం ఒంటికి కిందే పడేలా, చేతులు కాస్త విప్పుకుని దిగాలి. వెనక్కి వాలి మడమతో బ్రేకు వేయడం అన్నిటికన్నా ఖరీదైన పద్ధతి. గులకరాళ్ల మీద అది జారుడు కూడా. చూపు కాళ్ల దగ్గర కాకుండా మూడు నాలుగు మీటర్ల ముందు ఉండాలి. రేసుకి రెండు మూడు వారాల ముందు ఒక్కసారైనా పొడుగాటి దిగుడు పరిగెత్తి ఉంటే కండరం దాన్ని గుర్తుపెట్టుకుంటుంది, రెండోసారి దెబ్బ చాలా తక్కువగా తగులుతుంది. వారం ముందు మాత్రం వద్దు, నొప్పి తగ్గే వ్యవధి ఉండదు.

మరి నీళ్లు?

ఇప్పుడు నీళ్ల దగ్గరికి వద్దాం. అవి అవసరం లేదని ఎవరైనా ఈ వ్యాసం నుంచి అర్థం చేసుకుంటే తప్పు నాదే అవుతుంది. ఒంటి బరువులో రెండు శాతానికి మించి నీరు పోతే, అందులోనూ ఎండలో, వేగం పడిపోతుంది, ఒళ్లు ఇంకా త్వరగా కాగుతుంది. రెండు గంటలు దాటే పరుగులో దీన్ని పట్టించుకోకుండా ఉండలేం.

ఎంత తాగాలో మైకు చెప్పలేదు, తూకం చెబుతుంది. రేసు జరిగే వేళకే, అలాంటి ఎండలో, గంటసేపు రేసు శ్రమతో పరిగెత్తండి. ముందూ వెనకా బట్టలు లేకుండా, ఒళ్లు తుడుచుకుని, బరువు చూసుకోండి. తగ్గిన ప్రతి కిలో ఒక లీటరు. మధ్యలో తాగినది దానికి కలపండి. 70 కిలోలు 69 అయి, 400 మిల్లీలీటర్లు తాగి ఉంటే మీ చెమట గంటకు 1.4 లీటర్లు. మనుషుల మధ్య తేడా చాలా ఉంటుంది. కొందరికి గంటకు అర లీటరు, కొందరికి రెండు లీటర్లు. అందరికీ ఒకే కొలత చెప్పడం అందుకే పనికిరాదు. పోయినదంతా తిరిగి పోయాలని కూడా చూడకండి. పరిగెత్తే మనిషి పొట్ట గంటకు సుమారు లీటరు మించి కిందికి వదలదు, మిగతాది లోపల గలగలలాడుతుంది. గంట లోపు పరుగుకి దాహం వేసినప్పుడు తాగితే చాలు. అంతకన్నా పొడుగైతే తూకంలో తేలినదానిలో సగం నుంచి ముప్పాతిక వంతు చాలు, చిన్న చిన్న గుక్కలుగా. పరుగయ్యాక బరువు పెరిగి ఉంటే అది ప్రమాద సూచన.

ఉప్పు కలిపిన పానీయం తాగితే సోడియం పడిపోదనే నమ్మకం ఒకటుంది. మామూలు స్పోర్ట్స్ డ్రింక్‌లో ఉండే సోడియం చాలామంది చెమటలో ఉండేదానికన్నా తక్కువే. దాన్ని అతిగా తాగినా రక్తం పలచబడుతుంది. ఓఆర్‌ఎస్‌లో ఉప్పు ఎక్కువ, అయినా అతికి అదీ విరుగుడు కాదు.

నా దృష్టిలో ఎండ రోజున చేతికందిన గ్లాసులో సగమే నోటికి. మిగతా సగం తలకీ మెడకీ ముంజేతులకీ. చెమట కాని ఆ నీరు ఒంటిమీద ఆరితే చెమట ఆరినట్టే చల్లబరుస్తుంది, అదీ ఒంట్లోంచి ఏమీ తీసుకోకుండా. ఒకే జాగ్రత్త ఉంది. నిలువుగా నిలబడి తలమీద పోసుకుంటే నీళ్లు కాళ్లమీదుగా బూట్లలోకి దిగి, మేజోళ్లు నాని, మూడో కిలోమీటరుకల్లా బొబ్బలెక్కుతాయి. నడుం వంచి మెడ మీద పోసుకుంటే నీళ్లు ముందుకి జారిపోతాయి. టోపీ కింద మంచుముక్కలు పెట్టుకోవడం, మెడకి తడిగుడ్డ చుట్టుకోవడం కూడా మంచివే. ఇవన్నీ మిట్ట కిందే చేయాలి, పైన కాదు. నీళ్ల బల్లని గుట్ట పైన పెట్టే నిర్వాహకులు రన్నర్లకి బహుమానం ఇస్తున్నామనుకుంటారు. తడిసి ఎక్కాల్సినవాళ్లు ఎండిపోయి ఎక్కుతున్నారు.

నొప్పి మాత్రల గురించి ఒక్క మాట. ఇబుప్రోఫెన్ వంటివి పరుగు ముందు గాని మధ్యలో గాని వేసుకోవద్దు. ఎండలో మూత్రపిండాలకి రక్తం అప్పటికే తగ్గి ఉంటుంది, ఈ మాత్ర దాన్ని ఇంకా తగ్గిస్తుంది.

ఎండకి అలవాటు పడటం, అసలు సందేహం

ఎండకి ఒళ్లు అలవాటు పడుతుంది. ఇది నిజంగా పనిచేసే తయారీ. రోజుకి గంట, గంటన్నర చొప్పున 10 నుంచి 14 రోజులు ఎండలో తేలికగా పరిగెత్తితే చెమట ముందే మొదలవుతుంది, ఎక్కువగా పడుతుంది, అందులో ఉప్పు తగ్గుతుంది. రక్తంలో ద్రవం పెరగడం మొదటి నాలుగైదు రోజుల్లోనే మొదలవుతుంది. పగలు వీలుకానివాళ్లకి ఇంకో దారి ఉంది. మామూలు పరుగు తర్వాత 40 డిగ్రీల వేడినీళ్ల తొట్టెలో మెడదాకా 40 నిమిషాల వరకు కూర్చోవడం. ఆరు రోజులు వరసగా చేస్తే ఫలితం కనిపించిందని 2016లో ప్రచురించిన ప్రయోగం చెప్పింది. తల తిరిగితే వెంటనే లేవాలి, ఒంటరిగా ఉన్నప్పుడు చేయకూడదు. మానేస్తే రెండు మూడు వారాల్లో అలవాటు చాలావరకు పోతుంది.

నా వాదన మీద నాకే ఉన్న సందేహం ఒకటుంది. మెల్లగా వెళ్తే ఎండలో ఎక్కువసేపు ఉండాలి కదా? పొద్దున్న ఏడింటికి మొదలైన రేసులో గంటన్నరలో ముగించేవాడికి దొరికే ఎండ వేరు, పదింటిదాకా దారిలో ఉండేవాడికి దొరికే ఎండ వేరు. ఇది కొట్టిపారేయగలిగే మాట కాదు. వడదెబ్బ తగిలేది వేడి పుట్టే జోరుని బట్టి, మొత్తం ఎంత పుట్టిందన్నదాన్ని బట్టి కాదు కాబట్టి మెల్లగా వెళ్లేవాడికి వడదెబ్బ భయం తక్కువే. కానీ నీళ్ల లెక్క, ఎండ మంట, అలసట అతనికే ఎక్కువ. కాబట్టి "మెల్లగా" అన్న సలహా "పొద్దున్నే మొదలుపెట్టండి" అన్న మాట లేకపోతే సగమే. 2021లో జపాన్‌లోని సప్పొరోలో ఒలింపిక్స్ మహిళల మారథాన్‌ని ముందురోజు రాత్రి ఉన్నపళంగా గంట ముందుకి జరిపి ఉదయం ఆరింటికి పెట్టారు. ప్రపంచంలో అందరికన్నా బాగా తయారైనవాళ్ల కోసమే ఆ పని చేశారంటే, సెలవు రోజు సరదాగా వచ్చినవాళ్ల కోసం తొమ్మిదింటికి హారన్ మోగించడానికి ఏ కారణం చెప్పగలం?

చీకట్లో పెట్టినా తేమని తప్పించుకోలేమని 2019లో ఖతార్ రాజధాని దోహా చూపించింది. ప్రపంచ ఛాంపియన్‌షిప్ మహిళల మారథాన్ అర్ధరాత్రి మొదలైంది, ఎండే లేదు. 68 మంది బయలుదేరితే 40 మందే ముగించారు. అందుకే గోడమీది థర్మామీటర్ చూసి నిర్ణయం తీసుకోకూడదు. తడిబల్బు (తడిగుడ్డ చుట్టిన థర్మామీటర్), నల్లగోళం (ఎండకి కాగే నల్లటి గోళంలో పెట్టిన థర్మామీటర్), మామూలు థర్మామీటర్ చూపే ఉష్ణోగ్రతలని 70, 20, 10 శాతాల చొప్పున కలిపే వెట్ బల్బ్ గ్లోబ్ టెంపరేచర్ అనే కొలత ఉంది. అందులో తేమకే పెద్దపీట. అది 28 డిగ్రీలు దాటితే దూరపు పరుగులు రద్దు చేయడమో వాయిదా వేయడమో మేలని అమెరికన్ కాలేజ్ ఆఫ్ స్పోర్ట్స్ మెడిసిన్ సిఫారసు చేసింది. కొలిచే పరికరం చేతిలో పట్టేంత ఉంటుంది. దాన్ని స్టార్ట్ లైన్ దగ్గర కాకుండా దారిలో గాలాడని మిట్ట దగ్గర పెట్టి కొలవాలి.

ఆగాల్సిన వేళ

1984 లాస్ ఏంజెలిస్ ఒలింపిక్స్ మహిళల మారథాన్‌లో స్విట్జర్లాండ్ రన్నర్ గాబ్రియేలా ఆండెర్సన్-షీస్ ఆఖరి ల్యాప్ అటూ ఇటూ ఊగుతూ, కుడికాలు బిగుసుకుపోయి, ఎడమచెయ్యి వేలాడిపోయి, ఐదు నిమిషాలకు పైగా నడిచింది. 37వ స్థానంలో గీత దాటింది. ఆమెకి ఇంకా చెమట పడుతోందని చూసి వైద్యులు ముందుకి సాగనిచ్చారు. ఆమె త్వరగానే కోలుకుంది. కానీ ఆ గుర్తు నమ్మదగ్గది కాదు. పరుగులో వచ్చే వడదెబ్బలో ఒళ్లు తడిగానే ఉంటుంది. చర్మం పొడిగా మారేదాకా ఎదురుచూసేవాళ్లు ఆలస్యం చేసినట్టే.

చూడాల్సింది మనిషి ప్రవర్తన. ఎండలో ఒళ్లు జలదరించి రోమాలు నిక్కబొడుచుకుంటే అది మొదటి హెచ్చరిక. ఆ తర్వాత అడుగు తడబడటం, మాట ముద్దవడం, అకారణంగా కోపగించుకోవడం, దారి తప్పడం. "బాగానే ఉన్నాను" అనే జవాబుని నమ్మకూడదు. ఇవాళ ఏ వారం, ఎన్నో కిలోమీటరు, వెనక వచ్చిన మిట్ట ఎలా ఉంది అని అడగాలి. జవాబు తడబడితే అక్కడే ఆపాలి, ఆ మనిషి ఎంత బతిమాలినా సరే.

ఫినిష్ దాటగానే కూలబడేవాళ్లందరికీ వడదెబ్బే అనుకోనక్కర్లేదు. పరుగు ఆగగానే కాళ్ల కండరాలు రక్తాన్ని పైకి నెట్టడం మానేస్తాయి, బీపీ పడి కళ్లు తిరుగుతాయి. ఇలాంటివాళ్లకి స్పృహ సరిగ్గా ఉంటుంది, పడుకోబెట్టి కాళ్లు ఎత్తితే నిమిషాల్లో తేరుకుంటారు. కాళ్లు ఎత్తాక కూడా మాట కుదరకపోయినా, గీతకి ముందే కూలినా వడదెబ్బే అనుకుని పనిలో దిగాలి. గుదమార్గం ద్వారా చూసిన ఉష్ణోగ్రతే నిజమైనది. నుదుటి మీద, చెవిలో చూసేవి ఇక్కడ తప్పుదోవ పట్టిస్తాయి. ముందు చల్లబరచడం, తర్వాత ఆసుపత్రి. ఫాల్మత్‌లో చేసింది అదే. మెడదాకా మంచునీళ్ల తొట్టెలో ముంచి, నీళ్లు కలుపుతూ, అరగంటలోపు 39 డిగ్రీల దగ్గరికి దించాలి. దారి మధ్యలో, తొట్టె చేరలేని మట్టిదారిలో అయితే టార్పాలిన్ చాలు. నలుగురు నాలుగు అంచులు ఎత్తిపట్టుకుంటే మధ్యలో మనిషి, చుట్టూ మంచు, నీళ్లు. అంబులెన్స్ వచ్చేదాకా ఊరికే విసురుతూ కూర్చుంటే ఆ నిమిషాలు మళ్లీ రావు.

ఇదంతా జరగాలంటే మంచు ముందే దారిలోకి చేరి ఉండాలి. మట్టిదారి రోడ్డులో కలిసే చోట ఒక టార్పాలిన్, రెండు పెట్టెల మంచు, నలుగురు మనుషులు, ఒక థర్మామీటర్. రేసు ముందురోజు సాయంత్రం ఆ నలుగురూ ఒక్కసారి ఆ టార్పాలిన్ ఎత్తి చూడాలి. నీళ్లతో, మనిషితో కలిపి అది అనుకున్నదానికన్నా చాలా బరువుంటుంది, అంచు జారిపోకుండా పట్టుకోవడానికి చేతికి రెండు చుట్లు చుట్టుకోవాలి.